గూడ్సు బండికి కిటికీ సీటు ఉండదు

తెలుగులో రైలు గురించి రాసినవాళ్ళలో ఎక్కువమంది కిటికీ పక్క సీట్లో కూర్చునే రాశారు. కవితైనా, కథైనా, ఫేస్‌బుక్ పోస్టైనా అంతే. బయట వెనక్కి పరిగెత్తే కొబ్బరిచెట్లు, లోపల పల్లీల పొట్లం, ఎదుటి సీట్లో పేరు తెలియని మనిషి, గోదావరి రాగానే నీళ్ళలోకి విసిరే చిల్లర. కొవ్వూరులో మొదలైన జ్ఞాపకం రాజమండ్రి వచ్చేసరికి రచన అయిపోతుంది.

నాకు కిటికీ సీటు మీద కోపమేమీ లేదు. టికెట్ తీసుకునేటప్పుడు నేనూ అదే అడుగుతాను. ఒక్క సంగతి మాత్రం గుర్తు చేయాలి. గూడ్సు బండికి కిటికీ ఉండదు. దాన్ని ఎక్కించడానికి చుట్టాలు రారు, దిగేవాళ్ళ కోసం ఎవరూ ఎదురుచూడరు. లూప్ లైన్లో ఆగి ఉంటే దాన్నెవరూ తలెత్తి చూడరు. గేటు దగ్గర మన బైకుని పది నిమిషాలు ఆపినప్పుడు మాత్రం తిట్టుకుంటాం. అందుకే దాని గురించి ఎవరికీ జ్ఞాపకాలు ఉండవు. జ్ఞాపకాలు లేని వస్తువు పోయాక కూడా మనకి మిగలాలంటే ఒకటే దారి. ఎవరో ఒకరు ఎండలో నిలబడి దాన్ని ఫోటో తీయాలి, తేదీ వేయాలి, ఎక్కడ తీశారో, అందులో ఏముందో రాసిపెట్టాలి. ఒకరోజు కాదు, ఏళ్ళ తరబడి. డబ్బులు రాకపోయినా, లైకులు రాకపోయినా.

అలాంటివాణ్ణి మన ఇళ్ళల్లో పనిలేనోడు అంటారు. మన సాహిత్యలోకం ఆ మాట కూడా అనదు, అసలు పట్టించుకోదు. ఈ వ్యాసం ఆ పనిలేనోడి తరఫున. మనం నాస్టాల్జియాని సాహిత్యం అనుకున్నాం, నమోదు చేయడాన్ని గుమాస్తా పని అనుకున్నాం. దాని ఫలితంగా గోదావరి డెల్టాను కట్టిన పట్టాలు మనకి అక్కడక్కడా ఒక వాక్యంగా తప్ప మిగల్లేదు. మిగిలినవి కూడా ఇప్పుడు అదే దారిలో ఉన్నాయి.

ధవళేశ్వరంతో మొదలుపెడదాం.

దేశంలో మొదటి రైలు ఎప్పుడు నడిచింది? పోటీ పరీక్షలు రాసినవాళ్ళు నిద్రలో లేపి అడిగినా చెప్తారు: 1853 ఏప్రిల్ 16, బొంబాయి బోరీబందరు నుంచి ఠాణేకి. 14 పెట్టెలు, 400 మంది అతిథులు, 21 తుపాకుల వందనం. లాగిన మూడు ఇంజన్లకీ పేర్లున్నాయి: సాహిబ్, సింధ్, సుల్తాన్. కానీ అంతకు ముందే ఈ దేశంలో పట్టాల మీద బరువులు కదిలాయి. 1837లో మద్రాసు దగ్గర రెడ్‌హిల్స్‌లో రోడ్ల కోసం రాళ్ళు మోశాయి. 1851లో రూర్కీ దగ్గర సోలానీ నది మీద గంగా కాలువ వంతెన కట్టడానికి మట్టి మోశాయి. ఈ రెండింటికీ మధ్యలో మన ధవళేశ్వరం. గోదావరి మీద ఆనకట్ట కట్టడానికి కొండరాయిని పట్టాల మీద తీసుకెళ్ళారు. రెడ్‌హిల్స్, ధవళేశ్వరం, ఈ రెండు చోట్లా ఉన్న ఇంజనీరు ఒకడే, ఆర్థర్ కాటన్.

అంటే ఈ దేశంలో పట్టాల మీద ముందు కదిలింది మనిషి కాదు, రాయి. బడి పుస్తకం 1853 దగ్గర మొదలుపెట్టింది, ఎందుకంటే ఆరోజు మనుషులు ఎక్కారు. ‘మొదటి ప్రయాణికుల రైలు’ అనాల్సిన చోట ‘మొదటి రైలు’ అని రాసేశారు. ఒక్క విశేషణం పడిపోయింది, దాంతోపాటు మూడు లైన్లు పడిపోయాయి.

సరే, ధవళేశ్వరం లైను గురించి మనకి ఏం తెలుసు? ఇంటర్నెట్‌లో వెతకండి. ‘గోదావరి డ్యామ్ కన్‌స్ట్రక్షన్ రైల్వే, 1845’ అనే ఒక్క వాక్యం దొరుకుతుంది. అదే వాక్యం కాపీ అయి, ఇంకో చోట కాపీ అయి, క్విజ్ పుస్తకాల్లోకీ యూట్యూబ్ వీడియోల్లోకీ వెళ్ళిపోయింది. రాజమండ్రి వాళ్ళం గర్వంగా షేర్ చేసుకుంటాం.

ఆ వాక్యాన్ని ఒక్కసారి పట్టుకుని చూడండి. కాటన్ ఆనకట్ట గురించి ప్రభుత్వానికి నివేదిక ఇచ్చింది 1844లో. లండన్ నుంచి అనుమతి వచ్చింది 1846 చివర్లో. పని మొదలైంది 1847లో, పూర్తయింది 1852లో. మరి అనుమతి రాకముందే, పని మొదలవడానికి రెండేళ్ళ ముందే, రాళ్ళు మోసే రైలు దేనికి? పేరు కూడా చూడండి. ఆ కాలపు ఇంజనీర్లు దాన్ని డ్యామ్ అనలేదు, మన మాటనే ఇంగ్లీషులో పెట్టుకుని ‘ఆనికట్’ అనే రాసుకున్నారు. 1896లో జార్జ్ వాల్ష్ రాసిన గోదావరి డెల్టా ఇంజనీరింగ్ పుస్తకంలోనూ, 1900లో కాటన్ కూతురు లేడీ హోప్ రాసిన జీవితచరిత్రలోనూ ఆ మాటే కనిపిస్తుంది. ఈ అనుమానం రావడానికి చరిత్రకారుడు కానక్కర్లేదు. రెండు తేదీలు పక్కపక్కన పెడితే చాలు. ఇన్నేళ్ళుగా ఆ వాక్యాన్ని షేర్ చేసుకున్నవాళ్ళం ఆ పాటి పని చేయలేదు.

నేను సాఫ్ట్‌వేర్ పని చేసేవాణ్ణి. మా దగ్గర ఒక కోడు ముక్క ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో, ఎందుకు మార్చారో చెప్పే చిట్టా లేకపోతే దాన్ని నమ్మం. ఎంత బాగా నడుస్తున్నా సరే, అనుమానంగానే చూస్తాం. మన ఊరి చరిత్ర విషయంలో మాత్రం ఊరూ పేరూ లేని ఒక్క వాక్యం చాలు, డీపీ మార్చేసుకుంటాం.

ధవళేశ్వరం లైనుకి ఫోటో లేదని నేను ఏడవడం లేదు. ఫోటోగ్రఫీ అనేది ప్రపంచానికి తెలిసిందే 1839లో. ఆనకట్ట రోజుల్లో గోదావరి గట్టున కెమెరా పెట్టుకుని ఎవరైనా నిలబడి ఉంటారని ఆశించడం అన్యాయం. నా ఫిర్యాదు ఆ తర్వాతి నూట డెబ్బై ఏళ్ళ మీద. ఆ కొండ మొన్నమొన్నటిదాకా తవ్వుతూనే ఉన్నారు. క్వారీ నుంచి నదికి దారి ఎటు వెళ్ళిందో, వాలు ఎంతో, రాళ్ళు ఎక్కడ దించేవారో కాళ్ళతో నడిచి, చేత్తో గీసి పెట్టడానికి కెమెరా కూడా అక్కర్లేదు. సర్వే పటాలు పెట్టుకుని ఒక హైస్కూలు మాస్టారు వేసవి సెలవుల్లో చేసే పని అది.

బదులుగా మనం ఏం చేశాం? విగ్రహాలు పెట్టాం. గోదావరి జిల్లాల్లో ఊరూరా గుర్రం మీద కాటన్ దొర ఉంటాడు. ధవళేశ్వరంలో ఆయన పేరుతో మ్యూజియం ఉంది, 1970ల్లో మొదలై 1982లో పూర్తయిన కొత్త బ్యారేజీకి ఆయన పేరే ఉంది. దొరకి చేయాల్సిన మర్యాద చేశాం, కాదనను. 1832-33 నందన కరువులో జనం పిట్టల్లా రాలిపోయిన నేల ఇది. దాన్ని అన్నపూర్ణగా మార్చినవాణ్ణి తలుచుకోవడం సహజం. కానీ దొర రాళ్ళు మోయలేదు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా నది మీద పరిచిన ఆ రాయంతా ఎవరో తవ్వారు, ఎవరో బండ్లకెత్తారు, ఎవరో నది దాకా చేర్చారు. కూలీలను కూడగట్టిన వీణెం వీరన్న పేరైనా మిగిలింది. పట్టాల పక్కన నడిచినవాళ్ళ పేర్లు లేవు. సరుకు రవాణా చరిత్ర అంటే ఇంజన్ల చరిత్ర అనుకుంటారు గానీ, అది అసలు కూలి చరిత్ర. దాన్ని నమోదు చేయకపోతే మిగిలేది గుర్రమూ, దాని మీద దొరా మాత్రమే.

ఇంకో విచిత్రం. సరుకు పట్టాల మీద కదలడం ఎంత సులువో ఈ దేశంలో అందరికంటే ముందు కళ్ళతో చూసిన ఇదే కాటన్, తర్వాత జీవితమంతా రైళ్ళ కంటే కాలువలే నయమని వాదించాడు. నీటి మీద రవాణా చవక అనేది ఆయన పట్టు. అందుకే డెల్టా కాలువలు పొలాలకి నీళ్ళివ్వడానికే కాదు, పడవలు నడవడానికీ తవ్వారు. లాకులు కట్టింది అందుకే. కాకినాడ నుంచి ఏలూరు, బెజవాడ మీదుగా బకింగ్‌హాం కాలువ పట్టుకుని మద్రాసు దాకా ధాన్యం, కలప, ఉప్పు నీళ్ళ మీద వెళ్ళిన రోజులున్నాయి. గట్టు మీద మనుషులు తాడు పట్టుకుని పడవ లాగేవారు. తర్వాత రైలు, ఆ తర్వాత లారీ ఆ దారిని చంపేశాయి. ఇప్పుడు గోదావరి, పడవ అనగానే మనకి గుర్తొచ్చేది శేఖర్ కమ్ముల ‘గోదావరి’ సినిమా. 2006లో వచ్చిన ఆ సినిమా నాకూ ఇష్టమే. అయితే చూడండి, అక్కడా పడవలో ఉన్నది ప్రయాణికులే. బియ్యం బస్తాలకి ప్రేమకథలు ఉండవు కదా.

సరుకు గొడవ కాసేపు పక్కన పెట్టి, మనుషులు ఎక్కిన ఒక లైను సంగతి చూద్దాం. కనీసం దాన్నైనా మిగుల్చుకున్నామేమో.

కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లో రైలు వచ్చింది. కరప, రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా దాదాపు 45 కిలోమీటర్లు. పన్నెండేళ్ళు నడిచింది. 1940లో, రెండో ప్రపంచయుద్ధానికి ఇనుము కావాలని, పట్టాలు ఊడబీక్కుని తీసుకెళ్ళిపోయారు. ఎవరి యుద్ధం, ఎవరి పట్టాలు! బ్రిటిష్ పాలన గురించి మనం పేజీలకి పేజీలు సిద్ధాంతం రాస్తాం. ఇంతకంటే తేటగా ఆ పాలన ఏమిటో చెప్పే సంఘటన మన గుమ్మం ముందే జరిగింది. రైలు వేసిందీ వాళ్ళే, పీకిందీ వాళ్ళే. రెండిట్లో ఏ ఒక్కదానికీ రామచంద్రపురం రైతుని అడగలేదు.

ఆ లైను మళ్ళీ వచ్చింది 2004లో. మధ్యలో 64 ఏళ్ళు. ఆ 64 ఏళ్ళలో మన దగ్గర కెమెరాలున్నాయి, పత్రికలున్నాయి, కాలేజీలున్నాయి, కథకులైతే చెప్పక్కర్లేదు, గోదావరి జిల్లాల్లో కథకులకి కరువెప్పుడూ లేదు. 1980ల్లో ఎవరైనా ఒక టేపు రికార్డరు పట్టుకుని ఆ రైలుకట్ట వెంబడి నడిచి ఉంటే, ఆ బండి ఎక్కినవాళ్ళు, దానికి ధాన్యం బస్తాలు ఎత్తినవాళ్ళు, పట్టాలు పీకుతుంటే చూసినవాళ్ళు అరుగుల మీద కూర్చునే దొరికేవారు. 1940లో ఇరవై ఏళ్ళ కుర్రాడికి అప్పటికి అరవై దాటి ఉంటాయి. జ్ఞాపకం, చూపు రెండూ ఉండే వయసు. ఇప్పుడు ఆ కుర్రాడికి నూట అయిదేళ్ళు దాటాలి. ఇక ఎవర్ని అడుగుతాం?

అదే లైనుకి కొనసాగింపు కోటిపల్లి-నరసాపురం. 2000-01లో మంజూరైంది. కోనసీమకి రైలు అంటూ జీఎంసీ బాలయోగి కన్న కల. ఆయన 2002లో పోయారు. గౌతమి, వైనతేయ, వశిష్ఠ మూడు పాయలూ దాటాల్సిన లైను అది, పాతికేళ్ళవుతున్నా పూర్తి కాలేదు. ఒక తరం చిన్నప్పటి నుంచి పెళ్ళిళ్ళ దాకా ఆ స్తంభాలు లేవడమే చూస్తూ పెరిగింది. ఏడాదికి ఒక్కసారి, ఒకే చోట నిలబడి, ఒకే వైపు చూస్తూ ఒక్క ఫోటో తీసినా ఈపాటికి పాతిక ఫోటోల వరస ఉండేది. ప్రభుత్వాల మీద ఇంతకంటే ఘాటైన సంపాదకీయం ఎవరూ రాయలేరు.

ఇప్పుడు అందరికీ తెలిసిన వంతెన దగ్గరికి వద్దాం.

హేవ్‌లాక్ వంతెన పని 1897లో మొదలై 1900లో రైళ్ళు నడిచాయి. 56 ఖానాలు, దాదాపు మూడు కిలోమీటర్లు. అప్పటి మద్రాసు గవర్నరు పేరు పెట్టారు. మద్రాసు-కలకత్తా దారికి గోదావరి దగ్గర ఉన్న తెగువ అప్పుడే పూడింది, అంతకు ముందు ఈ ఒడ్డున దిగి పడవ మీద ఆ ఒడ్డుకి చేరాల్సిందే. 1997లో దానికి విశ్రాంతి ఇచ్చారు. తుక్కు కింద అమ్మేద్దామన్న మాట వచ్చినప్పుడు ఊరు ఒప్పుకోలేదు. అది ఊరి గొప్పతనమే. 2025 జూన్‌లో ‘అఖండ గోదావరి’ ప్రాజెక్టుకి శంకుస్థాపన చేశారు, అందులో ఈ పాత వంతెనని పర్యాటక స్థలం చేయడం కూడా ఉంది.

ఈ వంతెనకి ఫోటోలు లేవని ఎవరూ అనలేరు. లెక్కలేనన్ని ఉన్నాయి. సూర్యాస్తమయం, నల్లగా వంతెన నీడ, ముందు ఒక పడవ. పుష్కర్ ఘాట్ నుంచి తీస్తే వచ్చే ఆ ఒక్క ఫోటోనే మనందరం తీశాం. కానీ ఒక మామూలు ప్రశ్న అడగండి. పదిహేడో ఖానా స్తంభం 1997లో ఎలా ఉంది, ఇప్పుడెలా ఉంది? గడ్డరు మీద తయారీ ముద్ర ఎక్కడుంది? రైలొస్తే గ్యాంగ్‌మన్ పక్కకి తప్పుకుని నిలబడే చోట్లు ఎన్ని ఖానాలకి ఒకటి? దాదాపు శతాబ్దం పాటు ఈ వంతెన మోసిన బరువులో బొగ్గెంత, బియ్యమెంత, ఆ సరుకు పెట్టెలు చూడ్డానికి ఎలా ఉండేవి? మీ సూర్యాస్తమయం ఫోటో వీటిలో దేనికీ జవాబు చెప్పదు. అది వంతెన ఫోటో కాదు, వంతెనని చూసి మీకు కలిగిన ఫీలింగు ఫోటో.

పర్యాటకం రావడం మీద నాకు అభ్యంతరం లేదు. జనం నడవాలి, పిల్లలు పరిగెత్తాలి, పిడతకింద పప్పు బండి పెట్టుకునేవాడికి నాలుగు డబ్బులు రావాలి. కానీ ఏ పాత కట్టడమైనా పర్యాటక స్థలం అయిందంటే దానికి రంగులు పడతాయి, లైట్లు పడతాయి, కొత్త రైలింగులు వస్తాయి, పాత బోల్టులు పోతాయి. ఆ పని జరిగేలోపు ఒక చిన్న పని ఉంది. 56 ఖానాలు. ఒక్కోదానికి నాలుగు ఫోటోలు: ఎగువ నుంచి, దిగువ నుంచి, పైనుంచి, కిందనుంచి. మొత్తం 224. అనుమతి కాగితం చేతిలో ఉంటే, ఒక పడవ, ఇద్దరు మనుషులు, రెండు ఆదివారాలు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ ఆదివారాలు దొరకలేదా మనకి?

‘ఇలాంటివి కళ ఎలా అవుతాయి?’ అనేవాళ్ళ కోసం రెండు పేర్లు చెప్తాను. జర్మనీలో బెర్న్‌డ్, హిల్లా బెషర్ అని భార్యాభర్తలు. 1959 నుంచి దశాబ్దాల పాటు నీళ్ళ ట్యాంకులు, ఇనుప కొలుములు, గని గోపురాలు ఫోటోలు తీశారు. అన్నీ నలుపు-తెలుపే, అన్నీ ఎదురుగా నిలబడి తీసినవే, మబ్బు పట్టిన ఆకాశం కోసం ఎదురుచూసి మరీ. నీడలు పడకూడదు, ‘మూడ్’ రాకూడదు, వస్తువు మాత్రమే కనబడాలి. మన భాషలో చెప్పాలంటే పరమ బోరు ఫోటోలు. 1990లో వెనిస్ బినాలేలో ఆ బోరు ఫోటోలకి శిల్ప విభాగంలో బహుమతి ఇచ్చారు. ఎందుకంటే అప్పటికి ఆ గనులు, కొలుములు చాలావరకు కూలిపోయాయి, ఆకారాలు ఈ ఫోటోల్లోనే మిగిలాయి.

రెండోది విన్‌స్టన్ లింక్. న్యూయార్కులో ప్రకటనల ఫోటోలు తీసేవాడు, చదివింది సివిల్ ఇంజనీరింగ్. 1955 నుంచి అయిదేళ్ళు బొగ్గు మోసే నార్‌ఫోక్ అండ్ వెస్టర్న్ రైల్వే వెంట పడ్డాడు, దాని ఆవిరి ఇంజన్లు ఇక ఆగిపోతున్నాయని తెలిసి. రాత్రిపూట, పదుల కొద్దీ ఫ్లాష్ బల్బులు తీగలతో కలిపి వెలిగించి తీశాడు. చప్పుళ్ళు కూడా రికార్డు చేశాడు. ఇప్పుడు ఆ ఫోటోలకి వర్జీనియాలో ఒక మ్యూజియమే ఉంది. అమెరికాలో మిల్వాకీ రోడ్ కంపెనీ 1980లో పసిఫిక్ వైపు లైనుని వదిలేసింది. ఈరోజుకీ ఆ దారి వెంట సొరంగాలు, వంతెనలు వెతికి నమోదు చేసే మామూలు మనుషులున్నారు. ఒక మూతపడ్డ సరుకు రైలుకి జీవితాంతం ఇచ్చుకున్నవాళ్ళని అక్కడ వింతగా చూడరు.

మన దేశంలోనూ లేరని కాదు. అమెరికాలో ఉన్న భారతీయ విద్యార్థులు 1989లో మొదలుపెట్టిన ఐఆర్ఎఫ్‌సీఏ బృందం నంబరు నంబరుకీ ఇంజన్లని నమోదు చేసింది. దేశమంతటి ఔత్సాహికుల ఫోటోలు అక్కడ పోగయ్యాయి. జీతం లేని గుమాస్తాలు వాళ్ళు, వాళ్ళకి దణ్ణం పెట్టాలి. కానీ ఆ పనంతా ఇంగ్లీషులో జరిగింది. తెలుగులో సినిమా పాటల మీద పరిశోధనలున్నాయి, ఇడ్లీల మీద వ్యాసాలున్నాయి. ఒక గూడ్స్ షెడ్డు మీద ఒక్క పుస్తకం చూపించండి. చూపిస్తే సమీక్ష నేను రాస్తాను.

ఇక అభ్యంతరాలు. మొదటిది: ‘ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, అన్నీ నమోదవుతూనే ఉన్నాయి కదా’. కావడం లేదు. మీరు తీసిన ఫోటోలో తేదీ, స్థలం దాగి ఉంటాయి. దాన్ని మామూలుగా వాట్సాప్‌లో పంపగానే ఆ వివరాలు ఊడిపోతాయి, బొమ్మ కూడా చిక్కిపోతుంది. రీల్ చేస్తే ఇరవై సెకన్లు, దాని మీద ఇళయరాజా పాట. అయిదేళ్ళ తర్వాత ఆ వంతెన ఏదో, ఏ ఏడో తీసినవాడికే తెలియదు. ఫోటోలు పెరిగాయి, నమోదు పెరగలేదు. రెండూ ఒకటి కాదు.

రెండోది: ‘రైళ్ళ దగ్గర ఫోటోలు తీస్తే పట్టుకుంటారు’. ఇది నిజమైన ఇబ్బందే. 1923 నాటి అధికార రహస్యాల చట్టం రైలుదారుల్నీ వంతెనల్నీ నిషిద్ధ ప్రాంతాలుగా ప్రకటించే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. ఆ భయం బోర్డుల రూపంలో ఇంకా వేలాడుతోంది. ఒక స్టేషన్లో గూడ్సు బండి ఫోటో తీస్తుంటే నన్నూ ఆపి, ఒక్కొక్కటే డిలీట్ చేయించారు. పక్కనే ఒక జంట అదే బండి ముందు సెల్ఫీ తీసుకుంటుంటే ఏమీ అనలేదు. మొహం అడ్డం ఉంటే జ్ఞాపకమట, మొహం లేకపోతే గూఢచర్యమట. అంటే ఆ కాపలా మనిషికీ మన సాహిత్యానికీ అభిప్రాయం ఒకటే! అయినా అనుమతి అడిగి తీయొచ్చు, పబ్లిక్ రోడ్డు మీంచి తీయొచ్చు, మూతపడిన చోట్ల తీయొచ్చు. ప్రాణం మీదకి తెచ్చుకుని పట్టాల మీద నిలబడమని నేను చెప్పడం లేదు.

మూడోది కాస్త గట్టి అభ్యంతరం, మా మిత్రుల్లో ఎడమవైపు వాళ్ళది: ‘అవి వలస దోపిడీ పట్టాలు, వాటికి ఇంత ఆరాధనా?’ అని. ఆరాధన ఎవరు చేయమన్నారు? నేను మొదటి నుంచీ చెప్తున్నది ఆరాధన వద్దనే. దోపిడీ అని నిరూపించాలన్నా సరుకు లెక్క కావాలి. ఏ స్టేషన్ నుంచి ఏం వెళ్ళింది, ఏ ఓడరేవుకి వెళ్ళింది, తిరిగి ఏం వచ్చింది? కిటికీ సీటు కవితలో ఆ జవాబు ఉండదు. దొర విగ్రహం దగ్గర దండ వేసేవాడికీ, దొరని తిట్టేవాడికీ కావాల్సిన సాక్ష్యం ఒకటే. ఇద్దరి దగ్గరా లేనిదీ అదే.

నాలుగోది అడక్కుండానే అందరి మనసులో ఉండేది: ‘దీంట్లో సాహిత్యం ఏముంది?’ ఒక ఫోటో కింద రాసే రెండు లైన్లు తీసుకోండి. ఫలానా రోజు, ఫలానా స్టేషను, ఫలానా వైపు చూస్తూ. ఖాళీ పెట్టెలు, ఇన్ని. ఎరువు దించుతున్నారు, ఇంతమంది. ఇందులో విశేషణం లేదు, ఉపమానం లేదు. కానీ యాభై ఏళ్ళ తర్వాత ఎవరైనా ఈ డెల్టా మీద నవల రాయాలనుకుంటే వాడికి పనికొచ్చేది ఈ రెండు లైన్లే, నా మీ వెన్నెల వర్ణనలు కాదు. వెన్నెల వాడికీ ఉంటుంది.

ఇప్పుడు పోతున్నవాటి జాబితా నా దగ్గర చిన్నదేమీ కాదు. 1984 నుంచి తయారై, దేశమంతా సరుకు లాగిన డబ్ల్యూఏజీ-5 ఇంజన్లు ఒక్కొక్కటే తుక్కుకి వెళ్తున్నాయి. గూడ్సు బండి చివర ఉండే గార్డు పెట్టె, అంత పొడవు బండిలోనూ వెనకవైపు మనిషి కనబడే ఏకైక చోటు, దాని స్థానంలో చిన్న యంత్రం పెట్టే ప్రయత్నాలు నడుస్తున్నాయి. గార్డు అనే మాట కూడా 2022 జనవరి నుంచి కాగితం మీద లేదు, ఇప్పుడు ట్రైన్ మేనేజర్. ఊరి మధ్యలో ఉన్న పాత గూడ్స్ షెడ్లు, వాటి సైడింగులు, బస్తాలు మోసి మోసి నున్నబడిన ప్లాట్‌ఫారాలు, వాటి మీద హమాలీలు సుద్దతో గీసుకున్న లెక్కలు. ఇవేవీ హెరిటేజ్ కాదు. వీటిని తీసేయొద్దని ఎవరూ ధర్నా చేయరు, నేనూ చేయను. తీసేయాల్సినవి తీసేయాల్సిందే. తీసేసే ముందు ఒక్కసారి చూడమంటున్నాను.

ఏం చేయాలో చెప్పకుండా తిట్టి వదిలేసే వ్యాసాలంటే నాకు చిరాకు, కాబట్టి చెప్తాను. మీ ఊరి దగ్గర ఒకే ఒక్క చోటు ఎంచుకోండి: ఒక గేటు, ఒక లాకు, ఒక షెడ్డు, పాత వంతెన స్తంభం ఒకటి. ఏడాదికి నాలుగుసార్లు వెళ్ళండి. అదే చోట నిలబడి, అదే వైపు తీయండి. ఫిల్టర్లు వద్దు. వెళ్ళే బండి పెట్టెల మీద రాసి ఉన్న అక్షరాలు రాసుకోండి. బాక్స్‌ఎన్ అంటే పైన తెరిచిన బొగ్గు పెట్టె, బీసీఎన్ అంటే బియ్యం, సిమెంటు, ఎరువు మోసే మూత పెట్టె, బీటీపీఎన్ అంటే పెట్రోలు ట్యాంకు. వారం రోజుల్లో వచ్చేస్తాయి. అక్కడ పనిచేసేవాళ్ళతో మాట్లాడండి, వాళ్ళు ఒప్పుకుంటే పేరు రాయండి, వాళ్ళు వాడే మాటలు వాళ్ళు పలికినట్టే రాయండి. కింద తెలుగులో వివరం పెట్టి, వికీమీడియా కామన్స్‌లో అందరికీ అందేలా వదిలేయండి. పేరు రాదు, అవార్డు రాదు. పాతికేళ్ళు చేస్తే ఇంట్లోవాళ్ళు కూడా అలవాటు పడతారు.

అప్పటిదాకా దయచేసి ఆ సూర్యాస్తమయం ఫోటో ఇంకోటి తీయకండి. ఉన్నవి చాలు. తప్పదంటే ఆ ఎర్రటి వెలుగులో వంతెన మీద ఎన్నో ఖానా కనబడుతోందో లెక్కపెట్టి కింద రాయండి.